మట్టిపని నుంచి మహాసముద్రం దాకా

విశాఖపట్నంలో సిటీబస్సు ఎక్కేవారికి సింధియా అనే పేరు కొత్త కాదు. అదొక స్టాపు, అదొక పేట. గ్వాలియరు మహారాజుల ఇంటిపేరు ఇంత దూరం వచ్చి మన సముద్రపు ఒడ్డున ఎలా స్థిరపడిందని మాత్రం ఎవరూ పెద్దగా అడగరు. అది ఒక ఓడల కంపెనీ పేరు. ఆ కంపెనీని ముప్పై ఏళ్లు భుజాన మోసిన మనిషి మహారాజు కాడు. రైలుకట్టలకు మట్టి పోయించి వృత్తి మొదలుపెట్టిన కంట్రాక్టరు. ఆయన పేరు వాల్‌చంద్ హీరాచంద్.

డిగ్రీ ఆఖరి సంవత్సరానికి వచ్చేసరికి మా సైన్సు విద్యార్థులకు ఒకటే బెంగ. చదివింది ఒకటి, దొరికే పని మరొకటి అయితే నేర్చుకున్నదంతా నీళ్లపాలేనా? ఒక పనిలో ఆరితేరినవాడు మరో పనిలోకి పోతే వెంట ఏం తీసుకుపోగలడు, ఏం వదిలేసి పోవాలి? ఈ ప్రశ్నకు ఉపన్యాసాల్లో కంటే ఒక మనిషి జీవితంలో వెతికితే జవాబు దొరుకుతుందనిపించి ఈ వ్యాసం రాస్తున్నాను.

వాల్‌చంద్ 1882 నవంబరు 23న సోలాపూరులో ఒక గుజరాతీ జైన కుటుంబంలో పుట్టాడు. తండ్రిది పత్తి వ్యాపారం, వడ్డీ వ్యాపారం. తల్లి ఆయన పసికందుగా ఉన్నప్పుడే పోయింది. బొంబాయిలోను, పూనాలోను కాలేజీలో చేరాడు గాని డిగ్రీ పూర్తి కాలేదు. ఇంటి వ్యాపారంలో కూర్చుంటే మనసు నిలవలేదు. పత్తి ధర ఎప్పుడు పెరుగుతుందా, బాకీదారు ఎప్పుడు వస్తాడా అని ఎదురుచూసే పని ఆయన తత్వానికి సరిపడలేదు. కళ్ల ముందు ఏదో ఒకటి లేచి నిలబడాలి!

ఆ రోజుల్లో లక్ష్మణరావు బల్వంత్ ఫాటక్ అనే రైల్వే మాజీ గుమాస్తా కంట్రాక్టు పనుల్లోకి దిగాడు. ఆయనకు పని తెలుసు, చేతిలో పెట్టుబడి లేదు. వాల్‌చంద్ ఇంట పెట్టుబడి ఉంది, ఆయనకు పని తెలియదు. 1903లో ఇద్దరూ కలిశారు. సోలాపూరు ప్రాంతంలోని బార్శీ లైట్ రైల్వేలో వాళ్లకు పని దొరికింది. రెండున్నర అడుగుల వెడల్పు పట్టాల మీద నడిచే చిన్న రైలు అది.

మట్టిపని కంట్రాక్టు అంటే ఏమిటో పల్లెటూరి వాళ్లకు చెప్పనక్కర లేదు. చెరువుగట్టు వేసినా, కాలవ తవ్వినా, రైలుకట్ట పోసినా లెక్క ఒకటే. ఎంత మట్టి, ఎంత దూరం, ఎంతమంది కూలీలు, ఎన్నాళ్లు? టెండరు వేసేనాడే ఇదంతా మనసులో కట్టుకోవాలి. రాయి తగిలితే నష్టం, వాన ముందొస్తే నష్టం, కూలీలు కలరాకు భయపడి వెళ్లిపోతే నష్టం. కొలతలు రాసి, బిల్లు పాసై, డబ్బు చేతికి వచ్చేదాకా కూలీలకు సొంత డబ్బే ఇవ్వాలి. కాగితం మీది అంచనాకూ నేల మీది నిజానికీ మధ్య ఉండే తేడాలోనే కంట్రాక్టరు లాభమైనా నష్టమైనా ఉంటుంది. వాల్‌చంద్ ఈ విద్యను ఆఫీసులో కాదు, కట్ట మీద నిలబడి నేర్చుకున్నాడు.

పనులు పెరిగాయి. మొదటి ప్రపంచయుద్ధంలో సైన్యానికి బారకులు కట్టి బాగా సంపాదించాడు. 1920లో టాటాలతో కలిసి కంపెనీ పెట్టి పెద్ద నిర్మాణాలకు దిగాడు. 1926లో హిందుస్థాన్ కన్‌స్ట్రక్షన్ కంపెనీ వెలిసింది. బొంబాయి నుంచి పూనాకు పోయే రైలుదారిలో భోర్ ఘాట్ సొరంగాలు తొలిచిన పని వీళ్లదే. ఇలా నడిచే వృత్తిని పట్టుకుని కూర్చుంటే హాయిగా బతికి ఉండేవాడు. కాని మొదటి యుద్ధం ముగిసిన కొద్ది నెలలకే, 1919లో, ఆయన దృష్టి ఓడ మీద పడింది.

ఆ ఓడ కథ చెప్పుకోదగ్గది. 1891లో ఇంగ్లండులో కట్టిన సుమారు 6 వేల టన్నుల ప్రయాణికుల ఓడ అది. పసిఫిక్ సముద్రంలో తిరిగిన రోజుల్లో దాని పేరు ఎంప్రెస్ ఆఫ్ ఇండియా. యుద్ధకాలంలో గ్వాలియరు మహారాజు మాధవరావు సింధియా దాన్ని కొని, లాయల్టీ అని పేరు మార్చి, గాయపడ్డ సైనికులకు ఆసుపత్రి ఓడగా ఇచ్చాడు. యుద్ధం అయిపోయింది, ఓడ అమ్మకానికి వచ్చింది. ఆ సంగతి వాల్‌చంద్ చెవిన పడింది. నరోత్తం మొరార్జీ మొదలైన మిత్రులను కలుపుకుని దాన్ని కొనేశాడు. 1919 మార్చిలో సింధియా స్టీమ్ నావిగేషన్ కంపెనీ రిజిస్టరైంది. ఏప్రిల్ 5న లాయల్టీ బొంబాయి నుంచి లండనుకు బయలుదేరింది. ఏటా ఏప్రిల్ 5న మనం జరుపుకునే జాతీయ నౌకాదినోత్సవం ఆ ప్రయాణానికి గుర్తే.

ఇక్కడి నుంచి అసలు పరీక్ష. రైలుకట్టకు ఒక చివర ఉంటుంది. పని ముగుస్తుంది, బిల్లు వస్తుంది, సామాను సర్దుకుని మరో చోటికి పోవచ్చు. ఓడకు అలాంటి చివర లేదు. ఈ నెల సరుకు దింపితే వచ్చే నెలకు సరుకు వెతకాలి. ఖాళీగా నిలబెట్టినా ఖర్చు ఆగదు. పైగా టెండరులో పోటీదారులు ఒక్కసారి పోటీపడతారు, ఓడల్లో ప్రతిరోజూ పడతారు. ఆ పోటీదారు లార్డ్ ఇంచ్‌కేప్ నాయకత్వంలోని బ్రిటిష్ ఇండియా కంపెనీ. తీరం పొడవునా దానిదే రాజ్యం. కొత్తవాడు కనిపించగానే కిరాయిలు పడగొట్టేవారు. ఎవరి దగ్గర డబ్బు ముందు అయిపోతుందో చూసుకునే పోరాటం అది. అంతకుముందు పుట్టిన స్వదేశీ ఓడల కంపెనీలు చాలా ఈ దెబ్బకే మునిగాయి. తూత్తుకుడిలో చిదంబరం పిళ్లై కంపెనీ గతి మనకు తెలిసిందే.

సింధియా మునగలేదు. కాని గెలిచిందనీ చెప్పలేం. 1923లో ఇంచ్‌కేప్‌తో ఒప్పందం చేసుకుని, పదేళ్లపాటు తీరపు సరుకు రవాణాతో సరిపెట్టుకోవలసి వచ్చింది. ఆ ఏడే లాయల్టీని పాత ఇనుము కింద అమ్మేశారు. లండనుకు పోయిన ఓడతో మొదలైన కంపెనీ తీరం వదలకూడదన్న షరతు కింద సంతకం పెట్టింది! ఈ ఒప్పందం లొంగుబాటు అన్నవారున్నారు, ఊపిరి తీసుకునే వ్యవధి అన్నవారున్నారు. రెండోదే నిజమని నాకనిపిస్తుంది. ఎందుకంటే బతికి ఉన్న కంపెనీ మాత్రమే తర్వాత షరతులు మార్చమని అడగగలదు. 1929లో నరోత్తం మొరార్జీ మరణించాక వాల్‌చంద్ ఛైర్మన్ అయ్యాడు. 1933 అక్టోబరు 7న మన విశాఖ కొత్త రేవులోకి వచ్చిన మొట్టమొదటి ఓడ జలదుర్గ సింధియా కంపెనీదే.

ఈలోగా ఆయన నేల మీద మరో పని చేశాడు. నాసిక్ జిల్లా మాలేగావ్ దగ్గర రావల్‌గావ్‌లో రాళ్లనేల కొని, బాగుచేయించి, చెరకు పండించాడు. 1933లో అక్కడ చక్కెర ఫ్యాక్టరీ వచ్చింది. వ్యవసాయ కుటుంబంలో పుట్టినవాణ్ని కనుక ఈ భాగం నన్ను ఎక్కువ ఆకట్టుకుంది. రాళ్లు ఏరడం, నేల చదును చేయడం, నీరు పారించడం ఇవన్నీ రైతు పనులే. కాని వందల ఎకరాల్లో ఒకేసారి చేయాలంటే అది కంట్రాక్టరు పని అవుతుంది. ఆయన పాత విద్య కొత్త పనిలో అచ్చంగా అక్కరకొచ్చిన చోటు ఇదే.

రెండో ప్రపంచయుద్ధం నాటికి ఆయన వయస్సు యాభై ఏడు. మనవాళ్లు రిటైరయ్యే వయస్సులో మూడు కొత్త పరిశ్రమలకు పూనుకున్నాడు. అమెరికా ప్రయాణంలో పరిచయమైన విలియం పాలీ అనే విమాన వ్యాపారి సాయంతో, మైసూరు సంస్థానం అండతో, 1940 డిసెంబరులో బెంగుళూరులో హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ కంపెనీ పెట్టాడు. 1942లో ప్రభుత్వం ఆయన వాటా కొనేసింది. 1944లో ప్రీమియర్ ఆటోమొబైల్స్ పెట్టాడు. బొంబాయి టాక్సీలుగా పేరుపడిన పద్మినీ కార్లు ఆ కంపెనీవే. ఆఖరి పద్మినీ టాక్సీ 2023లో ఆ వీధుల నుంచి తప్పుకుంది.

మూడోది మనది. ఓడలు నడిపితే చాలదు, కట్టాలి కూడా అన్నది ఆయన చిరకాలపు కోరిక. కలకత్తాలో అనుకూలంగా స్థలం కుదరక విశాఖపట్నం ఎంచుకున్నాడు. డాల్ఫిన్స్ నోస్ కొండ చాటున ప్రశాంతంగా ఉండే నీరు, పక్కనే రైలు ఇక్కడి అనుకూలాలు. 1941 జూన్ 21న బాబూ రాజేంద్రప్రసాద్ శంకుస్థాపన చేశాడు. ఏడాది తిరక్కుండానే, 1942 ఏప్రిల్ 6న, జపాను విమానాలు విశాఖ మీద బాంబులు వేశాయి. పని చెదిరిపోయింది. యుద్ధం ముగిశాక మళ్లీ కూడగట్టుకున్నారు. 1948 మార్చి 14న 8 వేల టన్నుల జలఉషను ప్రధాని నెహ్రూ నీళ్లలోకి దింపాడు. తర్వాత ఆ యార్డు 1952లో హిందుస్థాన్ షిప్‌యార్డుగా మారింది. 1961కి పూర్తిగా ప్రభుత్వపరమైంది.

ఇప్పుడు లెక్క చూసుకుందాం. ఆయనకు ఓడ నడపడం రాదు, విమానం విప్పడం రాదు, కారు ఇంజను బిగించడం రాదు. కంట్రాక్టు రోజుల నుంచి ఆయన వెంట తెచ్చుకున్నవి మూడే. ఒకటి, పెద్ద పనిని చిన్న పనులుగా విడగొట్టి అంచనా వేయడం. రెండు, తనకు తెలియని పని తెలిసినవాణ్ని వెతికి పట్టుకోవడం. మొదట ఫాటక్, చివర పాలీ; నలభై ఏళ్లలో ఆ పద్ధతి మారలేదు. మూడు, బిల్లు ఆలస్యమైనా పని ఆపకపోవడం.

తేలేకపోయినదీ ఒకటుంది. కంట్రాక్టులో ప్రభుత్వం యజమాని, పని నచ్చితే డబ్బిస్తుంది. పరిశ్రమలో ప్రభుత్వం తీర్పరి, దాన్ని మెప్పించడానికి పని ఒక్కటే చాలదు. ఒక చేత్తో సర్కారు బారకులు కట్టి, మరో చేత్తో సర్కారు ప్రోత్సహించే ఓడలతో పోట్లాడిన మనిషికి ఈ ఇబ్బంది తప్పలేదు. విమానాలూ ఓడల కర్మాగారమూ చివరికి ఆయన చేతుల్లో మిగల్లేదు. తండ్రి ఇంట పెట్టుబడి లేకపోతే బార్శీ రైలుకట్టే ఉండేది కాదన్నదీ నిజం. మనలో చాలామందికి ఆ వెన్నుదన్ను లేదు. ఆయన దారినే నడవమని చెప్పడం నా ఉద్దేశం కాదు.

1949లో పక్షవాతం వచ్చింది. మరుసటి ఏడు బాధ్యతల నుంచి తప్పుకున్నాడు. 1953 ఏప్రిల్ 8న గుజరాతులోని సిద్ధపూర్‌లో కన్నుమూశాడు. సాంగ్లీలో ఒక ఇంజనీరింగు కాలేజీకి, పూనా జిల్లాలో ఒక ఊరికి ఆయన పేరుంది. డిగ్రీ పూర్తిచేయని మనిషి పేరు కాలేజీ గుమ్మం మీద ఉండడం విశేషమే. మా బెంగకు ఆయన జీవితం ఇచ్చే జవాబు సగమే. నేర్చుకున్న విషయం కొత్త పనిలో ఉపయోగపడకపోవచ్చు. నేర్చుకునేటప్పుడు అలవడిన పని తీరు ఉపయోగపడుతుంది. మిగతా సగం కొత్త పనిలో దిగాకే తెలియాలి. ఆయనకూ అలాగే తెలిసింది.