తాతగారు లాయరు కావాలన్నారు

అమెరికాలోని ఇండియానా రాష్ట్రంలో, పెరూ అనే చిన్న ఊళ్లో 1891లో కోల్ పోర్టర్ పుట్టారు. తల్లి కేట్ ఆరేళ్లకే వయొలిన్, ఎనిమిదేళ్లకు పియానో నేర్పించారు. కొడుకు బాలమేధావిలా కనిపించాలని రికార్డుల్లో రెండేళ్ల వయసు కూడా తగ్గించారట! తాత జె.ఓ. కోల్ పెద్ద సంపన్నుడు. మనవడు లాయరు కావాలన్నది ఆయన పట్టుదల. డబ్బు ఆయనది, మాటా ఆయనదే.

యేల్ యూనివర్సిటీలో చదువుతూనే పోర్టర్ దాదాపు 300 పాటలు రాశారు. 1913లో తాత కోరినట్టే హార్వర్డ్ లా స్కూల్లో చేరారు. అక్కడి డీన్ సంగీత విభాగానికి మారమని సలహా ఇచ్చారు. తల్లి అడ్డు చెప్పలేదు. తాతకు మాత్రం ఆ సంగతి తెలియనివ్వలేదు.

ఇష్టమైన దారి దొరికినా విజయం వెంటనే రాలేదు. 1916లో బ్రాడ్‌వేలో ఆడిన తొలి సంగీత నాటకం 15 ప్రదర్శనలకే ఆగిపోయింది. పేరు రావడానికి మరో పన్నెండేళ్లు పట్టింది. 1937లో గుర్రపు స్వారీలో జరిగిన ప్రమాదంలో రెండు కాళ్లూ నుజ్జయ్యాయి. ముప్పైకి పైగా ఆపరేషన్లు జరిగాయి. ఆ నొప్పులతోనే 1948లో ‘కిస్ మీ కేట్’కు పాటలిచ్చారు. ఉత్తమ మ్యూజికల్‌గా మొట్టమొదటి టోనీ అవార్డు దానికే దక్కింది.

1952లో తల్లి, 1954లో భార్య లిండా కన్నుమూశారు. ఆ తర్వాత, 65వ ఏట, 1956లో ‘హై సొసైటీ’ సినిమా వచ్చింది. న్యూపోర్ట్ కోటీశ్వరుల ఇంట పెళ్లి సందడి, పెళ్లికూతురిగా గ్రేస్ కెల్లీ, ఆమె మాజీ భర్తగా బింగ్ క్రాస్బీ, విలేకరిగా ఫ్రాంక్ సినాత్రా. 1940 నాటి ‘ది ఫిలడెల్ఫియా స్టోరీ’కి ఇది పాటలతో తీసిన కొత్త రూపం. పాత సినిమాలోని పదును లేదని కొందరు విమర్శకులు పెదవి విరిచారు. ప్రేక్షకులు మాత్రం థియేటర్లు నింపారు. ‘ట్రూ లవ్’ పాట రికార్డులు లక్షల్లో అమ్ముడయ్యాయి. ఆస్కార్‌కు నామినేట్ అయినా అవార్డు రాలేదు. పాట మాత్రం నిలిచింది.

1958లో కుడికాలు తీసేశారు. ఆ తర్వాత ఆయన పాట రాయలేదు. 1964లో కన్నుమూశారు.

పోర్టర్‌కు కుటుంబ ఆస్తి అండగా ఉంది. పన్నెండేళ్లు ఎదురుచూసే స్తోమత అన్ని ఇళ్లలోనూ ఉండదు. కాబట్టి చదువు పక్కన పెట్టి మనసుకు నచ్చింది చేయమని ప్రతి పిల్లవాడికీ చెప్పలేం. కానీ ఆ డీన్‌లా పిల్లల మనసు ఎటుందో గమనించడానికి ఆస్తి అక్కర్లేదు. పదో తరగతి తర్వాత ఎంపీసీనా, బైపీసీనా అని అడిగే ముందు, మన పిల్లలు ఎవరూ చెప్పకుండానే ఏ పని చేస్తున్నారో ఒక నెల రోజులు చూద్దాం.