గ్రంథాలయ పితామహుడు అయ్యంకి వెంకటరమణయ్య

గ్రంథాలయమంటే నాలుగు బీరువాలు, వాటికి తాళాలు, ఆ తాళాలకొక కాపలాదారు అన్న భావం మనలో చాలామందికి నేటికీ పోలేదు. ఆ కాపలాదారును పాఠకుని వెదుక్కుంటూ వెళ్ళే సేవకునిగా మలచాలని జీవితమంతా పాటుపడిన మహనీయుడు మన గోదావరి సీమలోనే జన్మించారు. ఆయనే అయ్యంకి వెంకటరమణయ్యగారు.

గౌతమికి ఆవల, బిక్కవోలు సమీపాన ఉన్న కొంకుదురు గ్రామంలో 1890 జూలై 24న ఆయన జన్మించారు. 1907లో బందరులో బిపిన్ చంద్రపాల్ చేసిన ప్రసంగం ఆ యువకుని మనస్సును దేశసేవ వైపు మళ్ళించింది. 1910లో బందరు నుండి ఆంధ్రభారతి అనే సచిత్ర మాసపత్రికను ప్రారంభించారు. అచ్చయిన పుస్తకం కొనగలవారు కొద్దిమంది, చదువ కోరేవారు వేనవేలు. ఈ రెంటి నడుమ వంతెన వేయడమే ఆయన జీవితకార్యమైంది.

1911లో విజయవాడలో వెలసిన రామమోహన గ్రంథాలయం ఆయన కార్యక్షేత్రం. 1914 ఏప్రిల్ 10న ఆంధ్రదేశంలోని గ్రంథాలయాల ప్రతినిధులను అక్కడ సమావేశపరచారు. అధ్యక్షత వహించినవారు చిలకమర్తి లక్ష్మీనరసింహంగారు. చూపు మందగించిన ఆ మహాకవి, రాజమండ్రిలో అణగారిన వర్గాల బాలుర కోసం పాఠశాల నడిపినవారు. కంటితో చదువలేనివారికీ, బడి గుమ్మం దాటనివ్వబడనివారికీ విద్య ఎలా అందాలో అనుభవంతో ఎరిగిన మనిషి ఆ పీఠంపై కూర్చోవడం ఎంతో సముచితమని మాకు తోస్తుంది. ఆ సభలోనే ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం అవతరించింది. కొద్ది కాలానికే గ్రంథాలయ సర్వస్వం పత్రిక వెలువడింది. 1919 నవంబరు 14న మదరాసులో జరిగిన అఖిల భారత సభ కూడ అయ్యంకివారి కృషి ఫలమే. జాతీయ గ్రంథాలయ వారోత్సవాలు నేటికీ ఆ తేదీననే ప్రారంభమవుతున్నాయి.

పుస్తకాలుంటే చాలదు, వాటిని పాఠకునికి చేర్చే మనిషికి శిక్షణ కావాలని సంఘం గుర్తించింది. 1911లోనే బరోడా సంస్థానంలో అట్టి శిక్షణ మొదలైంది. 1920లో సంఘం విజయవాడలో శిక్షణ తరగతులు నడిపింది. మదరాసులో రంగనాథన్‌గారు బోధన ప్రారంభించడానికి అది సుమారు తొమ్మిదేండ్ల ముందటి మాట. ఈ ఉద్యమంలోనే పెరిగిన పాతూరి నాగభూషణంగారు 1935లో పెదవడ్లపూడి, కొల్లిపరల మధ్య కాలువలో పడవ మీద గ్రంథాలయాన్ని నడిపించారు. ఊళ్ళు కాలువ గట్లనే ఉన్నప్పుడు పుస్తకం కూడ కాలువ మీదనే వెళ్ళాలి. పాఠకుడెక్కడ ఉన్నాడో, ఎప్పుడు తీరిక దొరుకుతుందో తెలుసుకోవడమే గ్రంథపాలకునికి మొదటి పాఠం.

ఈ పాఠం మన బండారులంకకు ఎంత అవసరమో ఆలోచించండి. పగలంతా మగ్గం గుంతలో కాళ్ళు పెట్టుకొని కూర్చున్న నేతకార్మికునికి, పగటివేళ మాత్రమే తెరచి ఉండే గ్రంథాలయం ఉన్నా లేనట్లే.

భాష విషయం మరింత సున్నితమైనది. ఒకానొక గ్రంథాలయంలో మేము చూచిన సంగతి చెబుతాము. ఒక దాత ఇచ్చిన ఉర్దూ పుస్తకాలు తాడుతో కట్టి పై అరలో పడి ఉన్నాయి. ఆ లిపి చదువగలవారు లేనందున స్టాకు రిజిస్టరులో వాటి పేర్లే ఎక్కలేదు. ఉర్దూ పుస్తకం కోసం వచ్చిన ఒక వృద్ధునికి లేదనే సమాధానం వచ్చింది. అక్కడే, తెలుగు నవల కోసం వచ్చిన ముస్లిం విద్యార్థినికి, ఆమె నోరు తెరువక ముందే, ఉర్దూ పుస్తకాలు లేవమ్మా అన్నారు. ఇద్దరూ ఉత్త చేతులతో వెళ్ళిపోయారు. ఆ ఉద్యోగి దుర్మార్గుడు కాడు. అతనికి ఎవరూ నేర్పలేదు, అంతే. పిఠాపురంలో పుట్టిన ఉమర్ అలీషాగారు తెలుగు మహాకవి. పేరు చూచి భాషను ఊహించేవారు ఆయనకు ఏ పుస్తకం చేతికిచ్చి ఉండేవారో! పేరును బట్టి కాక, అడిగి తెలుసుకొని పుస్తకమివ్వడం కూడ శిక్షణలో భాగం కావాలి.

అయ్యంకివారి ఉద్యమం ఆంధ్రోద్యమంతో పాటు పెరిగింది, తెలుగు పుస్తకమే దానికి ప్రాణం. నిజాం రాజధానిలో ఉర్దూ రాజభాషగా ఉన్న రోజులలో, 1901లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం స్థాపించినవారి ఆవేదన కూడ అట్టిదే. తన భాషలో పుస్తకం దొరకని పాఠకుని బాధ ఎక్కడైనా ఒక్కటే. ఒకనాడు హైదరాబాదులో తెలుగువాడు పడిన ఆ బాధను నేడు మన సీమలో ఉర్దూ పాఠకుడు పడరాదు.

1972లో పద్మశ్రీ అందుకొని, 1979లో అయ్యంకివారు కీర్తిశేషులయ్యారు. 1948లో మదరాసు గ్రంథాలయ చట్టమూ, 1960లో ఆంధ్రప్రదేశ్ చట్టమూ ఆయన కళ్ళ ముందే వచ్చాయి. చట్టం సెస్సును వసూలు చేయగలదు, భవనాన్ని కట్టగలదు. పాఠకుని ఆదరించే మనస్సును మాత్రం మనమే తయారు చేసుకోవాలి. కళాశాల కమిటీ పెద్దలకు మా మనవి ఒక్కటే. రెండు లిపులూ ఎరిగిన మన విద్యార్థులలో ఒకరినైనా గ్రంథాలయ శాస్త్రం చదివించండి. విద్యార్థులారా, ఆ ఒక్కరు మీలో ఎవరు?