సర్ అక్బర్ హైదరీ – ఉస్మానియా విశ్వవిద్యాలయం

ఉస్మానియా విశ్వవిద్యాలయం అనగానే ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాన్ పేరు స్ఫురించడం సహజం. కాని ఆ ప్రభువు ఫర్మానాకు మూలమైన విజ్ఞాపన పత్రాన్ని సమర్పించినవారు సర్ అక్బర్ హైదరీ.

ఆయన 1869 నవంబరు 8వ తేదీన బొంబాయిలో జన్మించారు. సెయింట్ జేవియర్ కళాశాలలో విద్యనభ్యసించి, 1888లో బ్రిటిషు ప్రభుత్వపు ఆర్థిక శాఖలో ప్రవేశించి, 1905లో అకౌంటెంట్ జనరల్‌గా హైదరాబాదు వచ్చారు. జమాఖర్చులు చూచే అధికారికి విశ్వవిద్యాలయంతో ఏమి పని అనిపించవచ్చు. 1911లో ఆయన హోం కార్యదర్శి అయినారు. విద్యా వ్యవహారాలు ఆ కార్యదర్శి పరిధిలోనివే.

నాడు నిజాం కళాశాల మద్రాసు విశ్వవిద్యాలయానికి అనుబంధమై ఉండేది. విద్యార్థి తన శక్తిలో అధిక భాగాన్ని విషయ గ్రహణానికి గాక, పరభాషను సాధించడానికే వ్యయం చేయవలసి వచ్చేది. అట్టి విద్య పట్టభద్రుని సొంత ప్రజలకు దూరం చేస్తుందే గాని, దేశానికి ఉపకరించదని హైదరీ గుర్తించారు. ఉన్నత విద్య అంతా ఉర్దూలో జరగాలనీ, ఆంగ్లం నిర్బంధ పాఠ్యాంశంగా ఉండాలనీ 1917లో ఆయన ప్రతిపాదించగా, ఏప్రిల్ 26న నిజాము ఆమోదించారు.

అసలు కష్టం అక్కడే ప్రారంభమైంది. పాఠం చెప్పడానికి పుస్తకాలేవి? భౌతిక, రసాయన, న్యాయ శాస్త్రాలకు పరిభాష ఏది? అందుకై విశ్వవిద్యాలయంకంటె ముందే దారుల్ తర్జుమా అనే అనువాద సంస్థ వెలసింది. మౌల్వీ అబ్దుల్ హక్ దాని బాధ్యత వహించారు. పండితులు ఒక్కొక్క పారిభాషిక పదాన్ని చర్చించి నిర్ణయించేవారు. 1919 ఆగస్టులో గన్‌ఫౌండ్రీలోని భవనాలలో తరగతులు మొదలయినవి. తరువాతి కాలంలో వైద్యం, ఇంజనీరింగు సైతం ఉర్దూలోనే బోధింపబడినవి. ఒక భారతీయ భాషలో వైద్యవిద్య గరపడం ఆ రోజులలో సామాన్య సాహసం కాదు.

1921లో ఆర్థిక మంత్రియై శాఖలవారీ బడ్జెటు పద్ధతి నెలకొల్పిన హైదరీ, 1937లో ప్రధానమంత్రి అయినారు.

అయితే ఒక లోపాన్ని దాచరాదు. సంస్థాన ప్రజలలో అధిక సంఖ్యాకుల ఇంటి భాషలు తెలుగు, మరాఠీ, కన్నడం. తెలంగాణా పల్లె నుండి వచ్చిన బాలునికి ఉర్దూ కూడ నేర్చుకొనవలసిన భాషయే. మాతృభాషా సూత్రాన్ని అంత స్పష్టంగా గ్రహించిన మేధావి దానిని తెలుగుకు వర్తింపజేయలేదు. ఆయన ప్రధానిగా ఉన్నప్పుడే, 1938లో, వందేమాతరం పాడినందుకు ఉస్మానియా విద్యార్థులు బహిష్కృతులై, పలువురు నాగపూరు వెళ్ళి చదువు సాగించారు. పి.వి. నరసింహారావు వారిలో ఒకరు.

1939లో ఆర్ట్సు కళాశాల భవనం ప్రారంభమైంది. హైదరీ 1942 జనవరిలో ఢిల్లీలో మరణించారు. 1948 తరువాత ఉస్మానియాలో బోధనాభాషగా ఉర్దూ స్థానాన్ని ఆంగ్లం ఆక్రమించింది. దారుల్ తర్జుమా ఉర్దూకు చేసిన పనిని తెలుగుకు చేయడానికి, అనగా ఉన్నత విద్యకు పాఠ్యగ్రంథాలు, పరిభాష సిద్ధం చేయడానికి, అదే హైదరాబాదులో తెలుగు అకాడమీ ఏర్పడినది 1968లో.