మెదడు అలలను కాగితం మీదికి తెచ్చిన హాన్స్ బెర్గర్

జర్మనీలో ఫ్రెడరిక్ రూకర్ట్ అని ఒక కవి ఉండేవాడు. అరబీ, ఫార్సీ సహా డజన్లకొద్దీ భాషలు వచ్చినవాడు. ఖుర్ఆన్‌లో చాలా భాగాన్ని ప్రాసతో సహా జర్మన్ భాషలోకి తెచ్చాడు. మౌలానా రూమీనీ, హాఫిజ్‌నీ జర్మన్లకు పరిచయం చేసినవారిలో ముఖ్యుడు. ఆయన 1866లో చనిపోయాడు. ఏడేళ్ల తర్వాత, 1873 మే 21న, కోబర్గ్ పట్టణం పక్కన నాయ్‌సెస్ అనే ఊళ్లో ఆయన కూతురికి ఒక కొడుకు పుట్టాడు. ఆ పిల్లవాడే హాన్స్ బెర్గర్.

ఫిట్స్ వచ్చిన పిల్లల్ని దవాఖానాకు తీసుకెళ్తే తలకు వైర్లు అంటించి ఒక పరీక్ష తీస్తారు కదా, ఈఈజీ అని. మనిషి తల మీద మొదటిసారి ఆ పరీక్ష చేసింది బెర్గరే. పార్కిన్సన్స్, అంటే వణుకుడు జబ్బు, ఉన్న పెద్దవాళ్లలో ముందుముందు మతి తగ్గుతుందేమో తెలుసుకోవడానికి కూడా పరిశోధకులు ఇప్పుడు ఇదే పరీక్ష వైపు చూస్తున్నారు. చెయ్యి వణకడం ఇంట్లో అందరికీ కనబడుతుంది. మతి జారడం మాత్రం చాలా ఆలస్యంగా తెలుస్తుంది.

బెర్గర్ తండ్రి కోబర్గ్‌లో మానసిక రోగుల ఆస్పత్రికి పెద్ద డాక్టరు. కొడుక్కి మాత్రం వైద్యం మీద మనసు లేదు, నక్షత్రాల శాస్త్రం చదవాలనుకున్నాడు. ఆ చదువు ఎంతోకాలం సాగలేదు. మధ్యలో ఆపి ఒక ఏడాది సైన్యంలో చేరాడు. అక్కడ ఒకరోజు కవాతులో గుర్రం బెదిరి ఆయన్ని కింద పడేసింది. వెనకాలే గుర్రాలు లాక్కొస్తున్న ఫిరంగి బండి. చక్రం మీదికి ఎక్కబోతుండగా ఆఖరి క్షణంలో బండి ఆగింది. ఒంటికి దెబ్బ తగల్లేదు. అదేరోజు సాయంత్రం ఇంటినుంచి టెలిగ్రాం వచ్చింది, క్షేమమేనా అని. ఎక్కడో దూరంలో ఉన్న అక్కకు ఉన్నట్టుండి తమ్ముడికి ఏదో అయ్యిందని భయం పట్టుకుందట, ఆమె పోరు పడలేక తండ్రి టెలిగ్రాం కొట్టించాడు.

కాకతాళీయం అని వదిలేయొచ్చు. బెర్గర్ వదల్లేదు. తన భయం తన తలలోంచి బయల్దేరి అక్కదాకా వెళ్లిందని నమ్మాడు. ఆ శక్తి ఏమిటో, దాన్ని కొలవగలమో లేదో తేల్చుకోవాలని వైద్యంలో చేరాడు. 1897లో యేనా విశ్వవిద్యాలయంలోని మానసిక వైద్యశాలలో ఉద్యోగానికి కుదిరాడు. ఉద్యోగ జీవితమంతా అక్కడే గడిచింది. 1919లో దానికే డైరెక్టరు అయ్యాడు.

పైకి చూస్తే ఆయన గడియారం ముల్లులాంటి మనిషి. టైముకు రావడం, టైముకు పోవడం, ఎవరితోనూ ఎక్కువ మాట లేదు. సాయంత్రాలు ప్రయోగశాలలో తలుపు వేసుకుని ఏం చేస్తున్నాడో తోటి డాక్టర్లలో చాలామందికి తెలియదు. మొదట మెదడులో రక్తప్రవాహం కొలిచాడు. తర్వాత మెదడు వేడి కొలిచాడు. రెండూ ఆయన వెతికే జవాబు ఇవ్వలేదు. చివరికి కరెంటు మీద పడ్డాడు. జంతువుల మెదడులో సన్నటి విద్యుత్తు ఉందని ఇంగ్లండ్‌లో రిచర్డ్ కేటన్ 1875లోనే చూపించాడు. మనిషిలో ఎవరూ పట్టలేదు.

పట్టడం తేలిక కాదు మరి. టార్చిలైటులో వేసే బ్యాటరీ ఒకటిన్నర వోల్టులు. నెత్తిమీద దొరికే మెదడు విద్యుత్తు ఒక వోల్టును లక్ష భాగాలు చేస్తే అందులో ఏ నాలుగైదు భాగాలో ఉంటుంది. కనురెప్ప కొట్టినా, పళ్లు బిగించినా అంతకన్నా పెద్ద కరెంటు పుడుతుంది. బెర్గర్‌కు విద్యుత్ పరికరాల్లో పెద్దగా శిక్షణ కూడా లేదు. ఏళ్ల తరబడి గీత వచ్చినట్టే వచ్చేది, అది గుండె చప్పుడో కండరాల కదలికో అని తేలేది.

1924 జులై 6న, తలకు ఆపరేషన్ జరిగిన 17 ఏళ్ల కుర్రాడి మీద ప్రయోగిస్తే సన్నని వణుకు గీత కనబడింది. ఇంకొకరైతే మర్నాడే పత్రికలకు ఎక్కేవారు. బెర్గర్ తనను తానే నమ్మలేదు. ఐదేళ్లు ఆగాడు. తన తల మీద తీసుకున్నాడు, కొడుకు క్లౌస్‌ను కూర్చోబెట్టి మళ్లీ మళ్లీ తీశాడు. కళ్లు మూసుకుని ప్రశాంతంగా ఉంటే సెకనుకు సుమారు 10 అలలు వస్తున్నాయి. కళ్లు తెరిచినా, లెక్క చేయమన్నా అవి అణిగిపోయి చిన్నచిన్న వేగమైన అలలు మిగులుతున్నాయి. మొదటివాటికి ఆల్ఫా అని, రెండోవాటికి బీటా అని పేరు పెట్టాడు. 1929లో మొదటి వ్యాసం అచ్చయింది.

చాలామంది నమ్మలేదు. ఇంత సంక్లిష్టమైన మెదడు ఇలా ఒకే తాళంలో ఎందుకు కొట్టుకుంటుందని తోసిపుచ్చారు. 1934లో కేంబ్రిడ్జ్‌లో ఎడ్గర్ ఏడ్రియన్, మాథ్యూస్ అదే ప్రయోగం చేసి బెర్గర్ చెప్పింది నిజమని చూపించాక గాలి మారింది. ఏడ్రియన్ అప్పటికే నోబెల్ అందుకున్నవాడు, ఆయన మాటకు విలువ ఉంది. మరుసటి ఏడాది అమెరికాలో బోస్టన్ డాక్టర్లు మూర్ఛ వచ్చినప్పుడు ఈ గీత ఎలా మారుతుందో పట్టుకున్నారు. 1937లో పారిస్ సభలో బెర్గర్‌ను గౌరవించారు.

ఇక్కడిదాకా చదివితే బెర్గర్ మీద అభిమానం కలుగుతుంది. నాజీలు ఆయన్ని బలవంతంగా సాగనంపారని, ఆ బాధతోనే పోయాడని చాలాకాలం పుస్తకాల్లో రాశారు కూడా. తర్వాత చరిత్రకారులు పాత కాగితాలు తిరగేస్తే వేరే సంగతి బయటపడింది. 1933లో హిట్లర్ ప్రభుత్వం ఒక చట్టం చేసింది. వంశపారంపర్య జబ్బులు ఉన్నాయని ముద్రపడ్డవారికి పిల్లలు పుట్టకుండా బలవంతంగా ఆపరేషన్ చేసే చట్టం అది. సుమారు 4 లక్షల మంది దానికి బలయ్యారు. ఎవరికి చేయాలో తేల్చడానికి ప్రత్యేక కోర్టులు పెట్టారు. యేనాలో అప్పీళ్లు వినే అలాంటి కోర్టులో బెర్గర్ సభ్యుడిగా కూర్చున్నాడు. ఆ చట్టం జాబితాలో మూర్ఛ కూడా ఉంది. ఏ రోగులకు ఆయన యంత్రం అందరికన్నా ఎక్కువ మేలు చేసిందో వాళ్లే ఆ జాబితాలో ఉన్నారు.

1938లో ఆయన పదవీ విరమణ చేశాడు. అప్పటికి వయసు 65. 1941లో ఆ కోర్టుకు మళ్లీ పిలుపు వస్తే ఒప్పుకున్నాడు. కానీ ఆరోగ్యం కుదరలేదు. గుండె జబ్బు, దానికి తోడు తీవ్రమైన మానసిక కుంగుబాటు. జీవితమంతా అలాంటి రోగుల మధ్యే గడిపిన ఆ డాక్టరు 1941 జూన్ 1న తన ప్రాణం తానే తీసుకున్నాడు. అక్కదాకా వెళ్లిందనుకున్న ఆ శక్తి ఆయన గీతల్లో ఎక్కడా దొరకలేదు.

దొరికింది వేరే. 1930ల మొదట్లోనే బెర్గర్ మతిమరుపు జబ్బు ఉన్నవారి తల మీద కూడా ఈ పరీక్ష చేసి, గీత మామూలుగా లేదని గమనించాడు. పార్కిన్సన్స్ విషయంలో ఆ దారి చాలా ఆలస్యంగా తెరుచుకుంది. దానికి ఒక కారణం ఉంది. 1817లో లండన్ డాక్టరు జేమ్స్ పార్కిన్సన్ ఈ జబ్బు గురించి మొదట రాసినప్పుడు బుద్ధికి ఏమీ కాదని రాశాడు. ఆ మాట చాలాకాలం నిలబడింది. నిజానికి ఈ జబ్బు ముదిరేకొద్దీ చాలామందిలో ఆలోచన మందగిస్తుంది. కదలికను నడిపే డోపమిన్ ఒక్కటే కాదు, జ్ఞాపకానికీ శ్రద్ధకూ అవసరమైన ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనం కూడా తగ్గిపోతుంది.

అప్పుడు ఈఈజీ గీత నెమ్మదిస్తుంది. సెకనుకు 10 దగ్గర ఉండాల్సిన ఆల్ఫా తాళం 8 వైపు, ఇంకా కిందికి జారుతుంది. 4 నుంచి 7 మధ్య ఉండే థీటా అలలు పెరుగుతాయి. 2011లో అచ్చయిన ఒక అమెరికా అధ్యయనంలో అప్పటికి మతిమరుపు లేని పార్కిన్సన్స్ రోగులను ఏళ్ల తరబడి గమనించారు. తాళం 8.5 కన్నా తక్కువ ఉన్నవారికి మతిమరుపు వచ్చే ముప్పు మిగతావారికన్నా చాలా ఎక్కువని తేలింది. సూది లేదు, నొప్పి లేదు, స్కానింగ్ అంత ఖర్చూ లేదు. అందుకే పరిశోధకులకు దీని మీద ఆశ.

అయితే నిద్రమత్తులో ఉన్నా, కొన్ని మందులు వాడుతున్నా గీత నెమ్మదిస్తుంది. కాబట్టి ఒక్క ఈఈజీ చూసి ఏ డాక్టరూ తేల్చడు. ఇంట్లోవాళ్లను కూడా కూర్చోబెట్టి అడుగుతారు: పెద్దాయన చిల్లర లెక్కలో తడబడుతున్నారా, తెలిసిన గల్లీలోనే దారి తప్పుతున్నారా, రాత్రిళ్లు గదిలో లేని మనుషులు కనబడుతున్నారని అంటున్నారా అని.