హృదయలిపికర్త విలెం ఐంథోవెన్

బందరు పట్టణమున వలందపాలెమను పేట కలదు. హాలండు దేశస్థులను మన పెద్దలు వలందావారని పిలిచెడివారు. పదునేడవ శతాబ్దారంభము నుండి వారు బందరులో వర్తకము సాగించి, మన కలంకారీ వస్త్రములను ఓడల కెక్కించి జావా మొదలగు తూర్పు దీవులకు గొనిపోయిరి. వారి సమాధులు నేటికిని బందరులో నున్నవి. ఆ జాతియందు పుట్టి, సర్వలోకమునకు ఉపకారము చేసిన యొక వైద్యుని చరిత్రమును ఈ రజతోత్సవ సంచికయందు పాఠక మహాశయులకు విన్నవించుచున్నాను.

విలెం ఐంథోవెన్ 1860 మే 21వ తేదీన ఆ జావా దీవిలోనే సెమరాంగ్ పట్టణమున జన్మించెను. వైద్యుడైన తండ్రి బాల్యముననే గతించెను. 1870లో తల్లి ఆరుగురు బిడ్డలను వెంటబెట్టుకొని హాలండు చేరి, యూట్రెక్ట్ నగరమున కాపురముండెను. ఐంథోవెన్ అచ్చటనే వైద్యశాస్త్రము నభ్యసించి, 1885లో పట్టము బడసి, మరుసటి యేడు లైడెన్ విశ్వవిద్యాలయమున శరీరధర్మశాస్త్రాచార్యుడయ్యెను. అప్పటికాయన వయస్సు ఇరువదియైదేండ్లు.

గుండె కొట్టుకొనునపుడెల్ల అందు స్వల్పమైన విద్యుత్తు పుట్టును. 1887లో లండనునందు వాలర్ అను పండితుడు మానవుని గుండె విద్యుత్తును యంత్రముతో గీయించెను. కాని ఆ యంత్రములోని పాదరసము మందగతి గలది. అందుచే గీత మొద్దువారెడిది. ఐంథోవెన్ దానిని గణితముచే సవరించి, అందలి ఎగుడుదిగుడులకు 1895లో పి, క్యూ, ఆర్, ఎస్, టి అని పేర్లు పెట్టెను. నేటికిని వైద్యులు వాడునవి ఆ పేర్లే.

లెక్కతో దిద్దిన గీత ఆయనకు తృప్తి నీయలేదు. ఉన్నది ఉన్నట్లు చూపు యంత్రము కావలెనని పాటుపడెను. పలుగురాతిని కరగించి, బాణమునకు తగిలించి, వింటితో వదలగా కంటికి ఆనని పోగు సాగును. దానికి వెండిపూత పూసి, బలమైన అయస్కాంతము నడుమ బిగించెను. గుండె విద్యుత్తు సోకగా పోగు కదలును. దాని నీడను ఫొటోపలక పట్టును. 1901లో వెల్లడించిన ఈ యంత్రము బరువు దాదాపు 270 కిలోలు; నడుపుటకు ఐదుగురు కావలెను. రోగి రెండు చేతులను, ఎడమ కాలిని ఉప్పునీటి తొట్లలో ముంచి కూర్చుండవలెను. దానిని మోసికొనిపోవుట కుదరదు గనుక, 1905లో ఒకటిన్నర కిలోమీటరు దూరమందలి ఆసుపత్రినుండి తీగెమీదుగా రోగుల గుండె విద్యుత్తునే తన ప్రయోగశాలకు రప్పించెను!

1906లో గుండె లయ తప్పుటను, దారి మూసుకొనుటను గీతలలో చూపెను. దీనిని మన కాలువలతో పోల్చి చెప్పెదను. గుండె పైగదులలో బయలుదేరిన విద్యుత్తు నడుమ నొక లాకువద్ద క్షణకాలము నిలిచి క్రిందిగదులకు పారును. పైగదులకు గుర్తు పి. క్రిందిగదులకు గుర్తు క్యూ, ఆర్, ఎస్. పి మొదటినుండి క్యూ వరకు నేటి కాగితముపై ఐదు చిన్నగళ్లు, అనగా సెకండులో ఐదవవంతు, మించరాదు. మించినచో లాకు మందగించినదన్నమాట. కొందరికి ఈ ఎడము దెబ్బదెబ్బకు పెరిగి, తుదకొక పి వెనుక ఏమియు రాక, మరల మొదటికి వచ్చును. లాకు పూర్తిగా మూసుకొన్నచో పైగదుల లెక్క పైగదులదే, క్రిందిగదుల లెక్క క్రిందిగదులదే. నాడి నిమిషమునకు నలుబదికో అంతకు తక్కువకో దిగి, మనిషి మూర్ఛపోవచ్చును.

1924లో ఐంథోవెన్‌కు నోబెల్ బహుమానము లభించెను. ఆ ధనమున సగము, యంత్రనిర్మాణమున తోడ్పడి గతించిన పనివాని అక్కచెల్లెండ్రను వెదకి ఇచ్చెనని చెప్పుకొందురు. 1927 సెప్టెంబరు 29న లైడెన్‌లో కీర్తిశేషుడయ్యెను.

దివిసీమలోని మా మేనత్త ఒక వేసవిలో మూడుమార్లు సొమ్మసిల్లి పడగా, ఎండదెబ్బయని మజ్జిగ త్రాగించి ఊరకుంటిమి. నాల్గవమారు బందరు తీసికొనిపోగా, వైద్యుడు ఆ కాగితము చూచి దారి పూర్తిగా మూసుకొన్నదని తెలిపెను. 1958లో స్వీడనునందు మొదటిసారి మానవశరీరమున అమర్చిన గుండె నడుపు యంత్రము వంటిది ఆమెకును అమర్చిరి. మరి పదునొకండేండ్లు జీవించెను. ఆ మూడుమార్ల ఉపేక్ష తలపునకు వచ్చినపుడెల్ల నాకు సిగ్గగును. కనుక మీ ఇంట ఎవరైన సొమ్మసిల్లినచో మజ్జిగతో సరిపెట్టక, ఆ గీత తీయింపుడని నా మనవి.