కిరణచికిత్సకు ఓర్పు నేర్పిన క్లాడియస్ రెగో

రేడియమనగానే మేరీ క్యూరీ పేరు పాఠశాల బాలురకు సైతము స్ఫురించును. ఆ రేడియముతో రోగిని గాయపరచక రోగమును మాత్రము అణచుటకు దారి చూపిన క్లాడియస్ రెగోను ఎరిగినవారు మనలో అరుదు.

రెగో 1870లో ఫ్రాన్సు దేశమునందలి లియాన్ నగరమున జన్మించెను. వైద్యము చదివి, సూక్ష్మదర్శినితో కణజాలమును పరిశీలించుటయే వృత్తిగా గైకొనెను. వృషణములలో బీజకణములు పుట్టు విధమును శోధించుట ఆయన తొలి కృషి. పిదప ఆ వృషణములపైననే ఎక్స్ కిరణములను ప్రసరింపజేసి చూచెను. ఎడతెగక విభజన చెందు కణములు ముందుగా నశించుచుండెను. క్యాన్సరు కణములును అట్టివే గదా!

ప్యారిస్ నగరమున రేడియం సంస్థ భవనములు 1914లో సిద్ధమయ్యెను. భౌతికశాస్త్ర విభాగము మేరీ క్యూరీది, జీవశాస్త్ర విభాగము రెగోది. అంతలో యుద్ధము వచ్చిపడగా రెగో సైనిక వైద్యశాలలకు తరలిపోయెను. 1920లో క్యూరీ ఫౌండేషన్ ఏర్పడిన తరువాత చికిత్స ఊపందుకొనెను.

ఆనాడు జర్మనీ వైద్యులు కొందరు కిరణములను ఒక్కమారే పెద్ద మోతాదున ఇచ్చుట మేలని నమ్మిరి. రెగో ఈ విషయమును పొట్టేలుపై పరీక్షించెను. ఒక్క మోతాదుతో దానిని నిర్బీజము చేయబోగా వృషణముల పైచర్మము మాడి పుండయ్యెను. విడతలుగా, దినములు గడువనిచ్చి ఇచ్చినపుడు మాత్రము పొట్టేలు నిర్బీజమయ్యెను, చర్మమునకు పెద్ద హాని కలుగలేదు. విరామమున చర్మము కోలుకొనెను, బీజకణములు కోలుకొనలేకపోయెను. సహచరుడు ఫెరూతో కలిసి 1927లో ఈ ఫలితములను ప్రకటించెను. అంతకు మునుపే, 1922లో, ఆన్రీ కుటార్ మొదలగు సహచరులతో కలిసి, గొంతు క్యాన్సరు కిరణములచే నయమైన రోగుల వృత్తాంతమును వైద్యసభ ముందుంచెను. పొట్టేలు కథ వినుటకు వింతగా నుండును గాని, ఎందరి చర్మమునో కాపాడినది అదియే.

రెగో 1940లో మరణించెను. ఆయన వేసిన ప్రశ్న మాత్రము ప్రోస్టేటు గ్రంథి క్యాన్సరు చికిత్సలో నేటికిని సజీవము. ఆ గ్రంథికి వెనుక మలాశయము, పైన మూత్రాశయము ఉన్నవి. వాటికి కిరణములు తగిలినచో రక్తము పడుట, మాటిమాటికి మూత్రమునకు లేవవలసివచ్చుట కలుగును. అందుచే చికిత్సను ముప్పదికి పైబడిన విడతలుగా ఇచ్చుచుండిరి. యంత్రములకు గురి కుదిరిన కొలది పరిసర అవయవములకు తగులు మోతాదు తగ్గెను. ఈ క్యాన్సరు పెద్ద విడతలకే బాగుగా లొంగుననియు తేలెను. 37 విడతలకు బదులు 20 చాలునని బ్రిటన్‌లో జరిగిన పెద్ద పరీక్ష 2016లో తెలిపెను. తగిన రోగులకు 5 విడతలే సరిపోవునని 2024లో మరియొక పరీక్ష చూపెను. ఇబ్రహీంపట్నమునుండి హైదరాబాదు ఆసుపత్రికి దినదినము బస్సెక్కవలసిన వృద్ధునకు ఈ లెక్క ఎంత ముఖ్యమో వేరుగ చెప్పనక్కరలేదు.