జంషెడ్జీ టాటాగారి మూలధనము

ఇనుపరాయి గలిగియు రైలుపట్టాలను సీమనుండి తెప్పించుకొనిన దేశమునకు ఉక్కును సమకూర్ప నెంచినవారు జంషెడ్జీ టాటాగారు. 1839లో నవసారియందు జన్మించి, 1877లో నాగపురమున ఎంప్రెస్ మిల్లును తెఱచిరి. వర్తకమున గడించిన యాస్తిలో 30 లక్షల రూపాయల విలువగలదానిని 1898లో శాస్త్రపరిశోధనకై యిచ్చెదమనిరి. దాత సిద్ధమైనను దొరతనమువారు ఏండ్లకొలది తటపటాయించిరి. బెంగుళూరు విద్యాలయము 1909లోగాని వెలయలేదు. టాటాగారు 1904లోనే స్వర్గస్థులైరి. ఆ యేటనే భూగర్భశాస్త్రజ్ఞులు ప్రమథనాథ బోసుగారు మయూరభంజమునందలి ఇనుపగనుల జాడ తెలిపియుండిరి. కుమారులు కార్యమును సాగింపగా లండను ధనికులు వెనుదీసిరి. 1907లో బొంబాయిలో వాటాలు ప్రకటించినంతనే 3 వారములలో సుమారు 8,000 మంది స్వదేశీయులు మూలధనమంతయు నిచ్చిరి. మన ధనము నేలయందును నగలయందును దాగియుండెడిదనుట నిజమే. అడిగినవారియందు నమ్మకము గలిగిన వెలికి వచ్చెడిదనియు మేము తలంచెదము. 1912లో తొలియుక్కు పోతపోసిరి. చూచుటకు టాటాగారు లేరు.